జపాన్ టూర్‌లో 69, అమెరికా టూర్‌లో 69: రెండూ ఒకటేనా?

ఫెయిర్‌వే ఫణి (హైదరాబాద్), డిసెంబర్ 2025:

సీజన్ అయిపోయింది. చేతులు ఊరుకోక ఎక్సెల్‌లో ఒక షీట్ మొదలుపెట్టాను. మహిళల ప్రొఫెషనల్ గోల్ఫ్ గురించి: ఒక పక్క అమెరికా టూర్ ఎల్పీజీఏ, ఇంకో పక్క జపాన్ టూర్ జేఎల్పీజీఏ. ప్లేయర్ పేరు, సగటు స్కోరు, గెలుపులు. రెండో గడిలోనే ఆగిపోయాను.

2024లో మియు యమషిత జపాన్ టూర్‌లో రౌండుకి సగటు 69.15 స్ట్రోకులు (గోల్ఫ్‌లో ఎంత తక్కువ కొడితే అంత గొప్ప). అదే ఏడాది అమెరికాలో తక్కువ సగటుకి ఇచ్చే వేర్ ట్రోఫీ అయాకా ఫురుయేకి వచ్చింది, 69.99తో. ఈ రెండూ పక్కపక్కన పెడితే జపాన్‌లో ఆడిన అమ్మాయే రౌండుకి ముప్పావు స్ట్రోకు కన్నా ఎక్కువ తేడాతో మెరుగ్గా ఉన్నట్టు. నాలుగు రోజుల టోర్నీలో అది మూడు స్ట్రోకుల పైమాటే. నమ్మబుద్ధి కావట్లేదు. అలాగని కొట్టిపారేయడానికి కారణమూ కనపడట్లేదు. రెండు టూర్ల స్కోర్లు పోల్చడానికి ఎవరి దగ్గరైనా సరైన పద్ధతి ఉందా?

పుట్టర్ పుల్లయ్య (విశాఖ):

ఎల్పీజీఏ అని గట్టిగా చదివానో లేదో, మా ఆవిడ వంటింట్లోంచి "ఏంటీ, గ్యాస్ బుక్ చేశారా?" అంది. ఇక్కడ మన గోల్ఫ్ ప్రచారం ఆ స్థాయిలో ఉంది.

నా ఓటు అమెరికాకే ఫణి. అక్కడికి కొరియా, థాయిలాండ్, స్వీడన్, చైనా అందరూ వస్తారు. జపాన్‌లో చాలావరకు జపాన్ వాళ్లే. జిల్లా ఫస్టుకీ స్టేట్ ఫస్టుకీ తేడా ఉండదా?

లెక్కల మాస్టారు (రాజమండ్రి):

నేను గోల్ఫ్ కర్ర పట్టినవాణ్ణి కాను. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను, టీవీలో ఈ ఆట చూడటం పెన్షన్ వచ్చాక అబ్బిన జబ్బు. కాబట్టి అంకెల వరకే మాట్లాడతాను.

ఫణి గారూ, మీ రెండు గడుల్లో ఉన్నవి ఒకే కొలబద్దతో కొలిచినవి కావు. జపాన్ టూర్ పట్టికలో సగటు స్కోరు పక్కనే బ్రాకెట్‌లో ఒక మాట ఉంటుంది: పార్ 72కి మార్చిన లెక్క అని. పార్ అంటే ఒక కోర్సుకో హోల్‌కో పెట్టిన ప్రామాణిక స్ట్రోకుల సంఖ్య. అంటే పార్ 71 కోర్సులో ఒకమ్మాయి 70 కొడితే పట్టికలో అది దాదాపు 71గా పడుతుంది. అమెరికా వాళ్లు ఆ పని చెయ్యరు, కొట్టింది కొట్టినట్టు కూడి భాగిస్తారు. అందువల్ల యమషిత నిజంగా కాగితం మీద రాసుకున్న స్కోర్ల సగటు 69.15 కంటే తక్కువే గానీ ఎక్కువ ఉండదు. మీ అనుమానం ఇంకాస్త పెరిగిందా?

అవతలి గడిలోనూ తిరకాసుంది. వేర్ ట్రోఫీకి ఏడాదిలో కనీసం 70 రౌండ్లు ఆడాలి. 2024లో ఏడు టోర్నీలు గెలిచిన నెల్లీ కోర్డా అన్ని రౌండ్లు ఆడలేదు. అందుకని 69.99ని "అమెరికాలో ఆ ఏటి అత్యుత్తమ ఆట" అనుకోకండి. రూలు ప్రకారం అర్హత ఉన్నవాళ్లలో తక్కువ సగటు, అంతే. పోనీ పై అంచు ఎక్కడుందో చూడాలంటే ఈ ఏడాది జీనో తిటికూల్‌ని చూడండి. 68.68తో, 2002లో అన్నికా సొరెన్‌స్టామ్ పెట్టిన 68.70 రికార్డును తుడిచేసింది.

ఇంకో ముఖ్యమైన సంగతి: ఆ ఫురుయే ఎక్కణ్ణుంచి వచ్చింది? జపాన్ టూర్ నుంచే కదా. మీరు రెండు టూర్లను పోలుస్తున్నాననుకుని, ఒకే బళ్లో చదివిన ఇద్దరు పిల్లల మార్కులు పోలుస్తున్నారు.

ఫెయిర్‌వే ఫణి:

మాస్టారూ, పార్ 72 సంగతి నాకు అస్సలు తట్టలేదు. రెండు గంటల పని నీళ్లపాలు.

చిబా చిన్నోడు (జపాన్):

నేను ఇక్కడ ఎనిమిదేళ్లుగా ఉద్యోగం చేస్తున్నాను. పుల్లయ్య బాబాయ్ జిల్లా ఫస్టు అన్నందుకు కొంచెం మండింది, అందుకే రాస్తున్నా.

ముందు గడ్డి సంగతి. ఇక్కడ ఫెయిర్‌వేల్లో (బాల్ పడాల్సిన, గడ్డి కత్తిరించిన దారిలో) ఎక్కువగా ఉండేది కొరాయ్ అనే గడ్డి. పోచలు గట్టిగా, నిటారుగా ఉంటాయి. బాల్ కిందికి దిగదు, చీపురు కట్ట మీద నిమ్మకాయ పెట్టినట్టు పైనే నిలబడుతుంది. మా ఆఫీసు వాళ్లతో ఆడినప్పుడు నాలాంటి వాడికే ఐరన్ షాట్ శుభ్రంగా తగిలింది, అది నా గొప్ప కాదు, గడ్డి గొప్ప. అదే అమెరికా దక్షిణాదిలో బెర్ముడా గడ్డి. బెర్ముడా అంటే ఏదో విదేశీ వింత కాదు, మన గరికే, వినాయకుడి పూజలో పెట్టేది. ఆ గరిక రఫ్‌లో, అంటే దారి పక్కన పెరగనిచ్చిన గడ్డిలో, బాల్ పడితే అడుక్కి పోయి కూర్చుంటుంది. మీద పోచలు చుట్టుకుని, బాల్‌ని కొట్టే క్లబ్ ముఖం మెలితిరుగుతుంది. ఆ తర్వాత కాలిఫోర్నియాలో ఇంకో గడ్డి, బ్రిటన్ తీరంలో ఇసుక నేల, గాలి. ఒకే స్వింగ్‌తో అన్నిచోట్లా నెగ్గుకురావడం కష్టం.

రెండోది ప్రయాణం. ఇక్కడ సీజన్ మార్చిలో ఒకినావాలో మొదలై నవంబర్‌లో మియజాకిలో ముగుస్తుంది. మొత్తం ఒకే దేశం, ఒకే టైమ్, ఒకే తిండి. ఆదివారం సాయంత్రం గోల్ఫ్ బ్యాగును కొరియర్ వాడికి ఇచ్చేస్తే అది తర్వాతి ఊరి కోర్సుకి తనంతట తానే చేరుతుంది. వీళ్లు చేతులూపుకుంటూ రైలెక్కుతారు. అమెరికా టూర్‌లో అమ్మాయి జనవరిలో ఫ్లోరిడా, తర్వాత థాయిలాండ్, సింగపూర్, చైనా, మళ్లీ అమెరికా, జూలైలో ఫ్రాన్స్, బ్రిటన్, శరదృతువులో మళ్లీ ఆసియా. సగం ఏడాది నిద్ర లేని ముఖాలే.

మూడోది, మీరెవరూ ఎత్తనిది: రోజులు. జపాన్‌లో చాలా టోర్నీలు మూడు రోజులవి, 54 హోల్స్. ఈమధ్య నాలుగు రోజులవి బాగా పెరిగాయి గానీ మూడు రోజులవి ఇంకా ఉన్నాయి. మూడు రోజుల ఆటలో మొదటి రోజు 65 కొట్టినవాడికి సగం దారి అయిపోయినట్టే. నాలుగో రోజు అనేది వేరే జంతువు.

హ్యూస్టన్ అక్క (టెక్సస్):

చిన్నోడూ, 54 హోల్స్ ఇక్కడా లేకపోలేదు, న్యూజెర్సీ షాప్‌రైట్ టోర్నీ అలాంటిదే. కానీ నువ్వన్న నాలుగో రోజు సంగతి మాత్రం కళ్లారా చూశాను.

ఈ ఏడాది ఏప్రిల్‌లో షెవ్రాన్ ఛాంపియన్‌షిప్ మా ఇంటికి నలభై నిమిషాల దూరంలో, కార్ల్‌టన్ వుడ్స్‌లో జరిగింది. మా అమ్మాయిని తీసుకుని ఆదివారం పద్దెనిమిదో గ్రీన్ దగ్గర కూర్చున్నాను. అది పార్ 5, పక్కనే చెరువు. అరియా జుతానుగార్న్ ఒక స్ట్రోకు ఆధిక్యంతో వచ్చి, గ్రీన్ పక్కన చిప్ షాట్‌లో (చిన్నగా ఎత్తి వేసే దెబ్బ) బాల్‌ని సరిగా తాకనే లేదు. బాల్ కాస్త కదిలి అక్కడే ఆగిపోయింది. మా వరసలో ఉన్నవాళ్లంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టారు. బోగీ, అంటే పార్ కన్నా ఒకటి ఎక్కువ. అయిదుగురు టై. అయిదుగురితో ప్లేఆఫ్ నేనెప్పుడూ చూడలేదు.

ప్లేఆఫ్ మళ్లీ అదే హోల్‌లో. యిన్ రువోనింగ్ ఈగిల్ (పార్ కన్నా రెండు తక్కువ) కోసం పుట్ వేసింది, అంటే బాల్‌ని కప్పు వైపు దొర్లించింది, దాటిపోయింది. తిరిగి వచ్చే చిన్న పుట్ కూడా తప్పింది. అరియా బర్డీ (పార్ కన్నా ఒకటి తక్కువ) పుట్ కప్పు అంచు తిరిగి బయటికొచ్చింది. చివరికి మావో సైగో నాలుగడుగులు కూడా లేని పుట్ ముందు నిలబడింది. ఆ అమ్మాయి ముఖంలో ఏమీ లేదు. నవ్వూ లేదు, భయమూ లేదు. వేసింది, పడింది. ఇక్కడ గెలిచినవాళ్లు చెరువులోకి దూకడం ఆనవాయితీ. ఆమెకి ఈత రాదని తర్వాత తెలిసింది, అయినా దూకింది.

ఇప్పుడు ఫణికి ప్రశ్న. ఈ సైగో 2022లో జపాన్‌లో మొదటి పది టోర్నీల్లో అయిదు గెలిచిన పిల్ల. అప్పుడు "అది జపాన్ టూర్ కదా" అని నేనూ అన్నాను. 2024లో ఇక్కడ రూకీ ఆఫ్ ద ఇయర్ (కొత్తగా వచ్చినవాళ్లలో ఫస్ట్), 2025లో ఈ షెవ్రాన్, అంటే మేజర్, అన్నిటికన్నా పెద్ద టోర్నీల్లో ఒకటి. సగటు స్కోర్ల గొడవ కన్నా, సముద్రం దాటినవాళ్లని పట్టుకుని దాటకముందూ దాటాకా చూడటమే నయం కదా?

ఫెయిర్‌వే ఫణి:

అక్కా, అదే చేస్తున్నా. రాత్రి కూర్చుని మేజర్లు గెలిచిన జపాన్ వాళ్ల వరస రాశాను. 1977లో హిసాకో హిగుచి ఎల్పీజీఏ ఛాంపియన్‌షిప్. తర్వాత 42 ఏళ్లు ఖాళీ. 2019లో వోబర్న్‌లో హినాకో షిబునో, బ్రిటిష్ ఓపెన్, అదే ఆమె తొలి విదేశీ టోర్నీ. 2024లో యూకా సాసో యూఎస్ ఓపెన్ (2021లో కూడా గెలిచింది గానీ అప్పుడు ఫిలిప్పీన్స్ జెండా కింద), ఫురుయే ఎవియాన్. 2025లో సైగో షెవ్రాన్, యమషిత బ్రిటిష్ ఓపెన్. రెండేళ్లలో నాలుగు మేజర్లు!

ఈ ఖాళీ 42 ఏళ్లలోనూ ఆట లేక కాదు. అయాకో ఒకమోటో 1987లో అమెరికా ప్రైజ్ మనీ పట్టికలో మొదటి స్థానం, అమెరికాయేతరుల్లో ఆ ఘనత ఆమెదే మొదలు. అక్కడ 17 టోర్నీలు గెలిచింది, మేజర్ ఒక్కటీ లేదు. ఐ మియజాటో 9 గెలిచి, 2010లో ప్రపంచ నంబర్ వన్ అయ్యి, మేజర్ లేకుండానే 2017లో రిటైరైంది.

యమషితది మాత్రం నా షీట్లో స్పెషల్ వరస. 2024లో ఇంకా జపాన్ టూర్ సభ్యురాలిగా ఉండగానే అమెరికా వెళ్లి వుమెన్స్ పీజీఏలో (అదీ మేజరే) సంయుక్తంగా రెండో స్థానం, పారిస్ ఒలింపిక్స్‌లో సంయుక్తంగా నాలుగో స్థానం. ఆ ఏడాది చివర్లో అమెరికా టూర్‌లోకి వెళ్లే క్వాలిఫయింగ్ పోటీలో ఫస్ట్. మరుసటేడు మేజర్, రూకీ ఆఫ్ ద ఇయర్. అంటే 69.15 అబద్ధం చెప్పలేదన్నమాట.

లెక్కల మాస్టారు:

తొందరపడకండి. దాటినవాళ్లని మాత్రమే లెక్కేస్తే ఒక పొరపాటు వస్తుంది. మన ఊళ్లోంచి అమెరికా వెళ్లినవాళ్లని చూసి ఊరంతా ఇంజనీర్లే అనుకున్నట్టుంటుంది. దాటేది ఎవరు? జపాన్‌లో ఇప్పటికే పైన ఉన్నవాళ్లు. పట్టికలో ముప్పయ్యో స్థానం అమ్మాయి దాటదు, కాబట్టి ఆమె అక్కడ ఎలా ఆడేదో మీ షీట్ చెప్పలేదు. పైవాళ్ల గురించే మీకు తెలుస్తోంది, మధ్యవాళ్ల గురించి కాదు. రెండు టూర్ల తేడా నా అనుమానం ప్రకారం మధ్యలోనే ఉంటుంది, శిఖరం దగ్గర కాదు.

షిబునోని కూడా మర్చిపోకండి. మేజర్ గెలిచాక అమెరికా టూర్‌కి వెళ్లింది, 2024 యూఎస్ ఓపెన్‌లో రెండో స్థానం దాకా వచ్చింది, కానీ ఆ టూర్‌లో రెండో ట్రోఫీ ఇప్పటికీ రాలేదు. ఆమె వరస లేకుండా షీట్ వేస్తే అది లెక్క కాదు, అభినందన సభ.

పుట్టర్ పుల్లయ్య:

మాస్టారు మా వైపు వచ్చేశారు!

చిబా చిన్నోడు:

బాబాయ్, ఆగండి. దాటేవాళ్లు ఒకవైపే లేరు. ఎదురు దిక్కున వచ్చినవాళ్లని చూడండి.

జియాయ్ షిన్. 2010లో ప్రపంచ నంబర్ వన్, రెండు బ్రిటిష్ ఓపెన్లు, అందులో 2012ది తొమ్మిది స్ట్రోకుల తేడాతో. 2014లో అమెరికా టూర్ సభ్యత్వం వదులుకుని జపాన్‌కి వచ్చేసింది. ఇక రిటైర్మెంటే అనుకున్నారు జనం. 2023లో, 35 ఏళ్ల వయసులో, పెబుల్ బీచ్‌లో యూఎస్ ఓపెన్ ఆడి సంయుక్తంగా రెండో స్థానం. 2024లో సెయింట్ ఆండ్రూస్‌లో బ్రిటిష్ ఓపెన్, మళ్లీ సంయుక్తంగా రెండు. దాదాపు పదేళ్లు "జిల్లా" టూర్‌లో ఆడిన మనిషి పదును తగ్గలేదు మరి. జపాన్ టూర్ మొత్తానికి 69.9తో తొలిసారి 70 కిందికి సగటు తెచ్చింది కూడా ఈమే, 2019లో. అంటే అంతకు ముందు ఇక్కడ ఎవ్వరూ 70 దిగలేదు. మాజీ ప్రపంచ నంబర్ వన్‌కి అయిదేళ్లు పట్టింది. అంత చవకైన టూర్ కాదు బాబాయ్.

ఈ టూర్ గట్టిపడటం ఊరికే జరగలేదు. 2011 నుంచి జేఎల్పీజీఏ అధ్యక్షురాలు హిరోమి కొబయాషి. ఆమె 1990లో అమెరికాలో రూకీ ఆఫ్ ద ఇయర్, అక్కడ నాలుగు గెలిచింది. అక్కడ ఏది తేడా కొట్టిందో ఒంటికి తగిలిన మనిషి. నాలుగు రోజుల టోర్నీలు పెంచడం, పిన్నులు (కప్పులో నిలిపే జెండా కర్రలు) గ్రీన్ మీద కష్టమైన మూలల్లో పెట్టడం ఆమె హయాంలోనే ఊపందుకుంది.

శ్రావణి కొత్త (విజయవాడ):

నమస్తే అందరికీ, నేను కొత్త. టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ నాలుగో స్థానం వచ్చినప్పుడు తెల్లవారుజామున లేచి చూశాను, అప్పట్నుంచి పట్టుకుంది. ఆ రోజు సిల్వర్ తీసుకెళ్లిన మోనే ఇనామి పేరే మేం అంతకు ముందు వినలేదు. ఆవిడ జపాన్ టూర్ అమ్మాయా? అలాంటప్పుడు ప్రపంచ ర్యాంకుల్లో రెండు టూర్లనీ ఎలా కలుపుతారు?

లెక్కల మాస్టారు:

మంచి ప్రశ్న అమ్మా. ఇనామి జపాన్ టూర్ అమ్మాయే, ఒకప్పటి ప్రపంచ నంబర్ వన్ లిడియా కోని ప్లేఆఫ్‌లో ఓడించి సిల్వర్ తీసుకుంది. పోటీ జరిగిన కాసుమిగసెకి కోర్సు ఆమెకి సొంత గడ్డ అన్నమాట నిజమే, అయినా లిడియా కో లిడియా కోనే.

ర్యాంకుల సంగతి. టోర్నీలో ఎంత గట్టివాళ్లు ఆడుతున్నారో చూసి దానికి పాయింట్ల బరువు ఇస్తారు. రెండేళ్ల పాయింట్లు కూడతారు, ఇటీవలి 13 వారాలకు ఎక్కువ బరువు, వెనక్కి పోయేకొద్దీ తగ్గుతుంది. ఆడిన టోర్నీల సంఖ్యతో భాగిస్తారు. ఎవరైనా తక్కువ ఆడితే కనీసం 35తో భాగిస్తారు. ఆ 35 ఎంత ముఖ్యమో చెప్తాను, మొదట్లో అది లేదు. 2006 ఫిబ్రవరిలో తొలి ర్యాంకులు వచ్చినప్పుడు ప్రొఫెషనల్‌గా ఒక్క టోర్నీ గెలవని మిషెల్ వీకి మూడో ర్యాంకు వచ్చింది. పెద్ద గొడవైంది. నాలుగో స్థానంలో ఎవరో తెలుసా? యూరి ఫుదో. 2000 నుంచి 2005 దాకా వరసగా ఆరేళ్లు జపాన్ ప్రైజ్ మనీలో ఫస్ట్, మొత్తం 50 గెలుపులు, దాదాపు అన్నీ ఇంటిపట్టునే ఉండి. ఆమె అమెరికా టూర్‌కి వెళ్లి ఉంటే ఏమయ్యేదని నన్నడిగితే, దానికి ఏ సూత్రమూ లేదు.

హ్యూస్టన్ అక్క:

అసలు వెళ్లకపోవడానికి డబ్బు కూడా ఒక కారణం మాస్టారూ. 2015లో కొరియా అమ్మాయి లీ బో-మీ జపాన్‌లో ఒక్క ఏడాదిలో 23 కోట్ల యెన్లు సంపాదించింది. ఇంటికి రెండు గంటల ఫ్లైట్, కొరియర్‌లో బ్యాగు, పైగా విజేతకి టోర్నీ మొత్తం ప్రైజ్ మనీలో 18 శాతం. అమెరికాలో మామూలుగా 15. అప్పట్లో ఎందుకు కదలాలి?

ఇప్పుడు చూడండి. 2024లో రియో తకెడా జపాన్‌లో ఎనిమిది గెలిచి 26 కోట్ల యెన్లు చేసుకుంది. అదే ఏడాది సాసో యూఎస్ ఓపెన్ ఒక్కటి గెలిచి 24 లక్షల డాలర్లు పట్టుకెళ్లింది. డాలరుకి 150 యెన్లు వేసుకోండి, 36 కోట్లు. ఎనిమిది ట్రోఫీలు ఒక పక్క, నాలుగు రోజులు ఒక పక్క! ఇప్పుడు వరసగా అందరూ విమానం ఎక్కుతున్నారంటే ధైర్యం ఒక్కటే కాదు, యెన్ పడిపోవడం కూడా.

పుట్టర్ పుల్లయ్య:

ఇది మాత్రం నాకు బాగా అర్థమైంది. మా బావమరిది కూడా అందుకే వెళ్లాడు.

ఫెయిర్‌వే ఫణి:

రెండు టూర్లూ ఒకే వారం, ఒకే కోర్సులో ఆడే టోర్నీ ఒకటుంది కదా, టోటో జపాన్ క్లాసిక్. ఒకే గడ్డి, ఒకే గాలి. 2001 నుంచి 2005 దాకా వరసగా అయిదుసార్లు సొరెన్‌స్టామ్ వచ్చి ఎత్తుకెళ్లింది. ఇటీవలివి చూస్తే 2022లో స్కాట్లండ్ అమ్మాయి డ్రైబర్గ్, 2023లో ఇనామి, 2024లో మరీనా అలెక్స్‌తో ఆరు హోల్స్ ప్లేఆఫ్ ఆడి తకెడా, 2025లో హతావోకా. దీన్ని ప్రమాణంగా తీసుకోవచ్చా?

చిబా చిన్నోడు:

సగమే తీసుకో ఫణీ. అమెరికా వాళ్లు అప్పటికి ఆసియాలో వరసగా ఆడి అలిసిపోయి వస్తారు, కొందరు పెద్దవాళ్లు రారు. ఇక్కడివాళ్లకి అది ఇంటి ముందరి వీధి. పైగా హతావోకా జపాన్ అమ్మాయే అయినా, చిన్నప్పుడే అమెరికా టూర్‌కి వెళ్లిపోయిన మనిషి. ఆమెని ఏ పక్కన వేస్తావు?

లెక్కల మాస్టారు:

అందుకే దీనికి ఎదురు కొలత కూడా పెట్టండి. ఇంటి ముందరి వీధి కానిచోట. యమషిత గెలిచిన ఆ బ్రిటిష్ ఓపెన్, 2025 ఆగస్టులో వేల్స్‌లోని రాయల్ పోర్త్‌కాల్ కోర్సు. సముద్రపు గాలి, జపాన్ గడ్డికీ దానికీ చుట్టరికం లేదు. యమషిత ఎత్తు 150 సెంటీమీటర్లు. స్కోర్లు 68, 65, 74, 70. ఆ 74 మీద వేలు పెట్టి చూడండి. అది శనివారం, ఆమె 24వ పుట్టినరోజు. ఆధిక్యం చాలావరకు కరిగిపోయింది. ఆదివారం చార్లీ హల్ స్కోరులో ఆమె దగ్గరికి వచ్చేసింది. అప్పుడు యమషిత 70 కొట్టి రెండు స్ట్రోకుల తేడాతో గెలిచింది. చిన్నోడు చెప్పిన నాలుగో రోజు అదే.

ఫెయిర్‌వే ఫణి:

సరే, సగటు స్కోరు కాలమ్ తీసేశాను. కొత్త కాలమ్స్: దాటకముందు రెండేళ్లలో విదేశీ మేజర్లలో స్థానాలు, దాటాక మొదటి రెండేళ్లలో స్థానాలు, నాలుగో రోజు స్కోరు. షిబునో వరస కూడా పెట్టాను మాస్టారూ. హతావోకాకి వేరే రంగు వేశాను.

చిబా చిన్నోడు:

జియాయ్ షిన్‌కి బాణం గుర్తు ఎదురు దిక్కులో పెట్టు. మార్చిలో సీజన్ మొదలయ్యాక మా దగ్గర జరిగే టోర్నీకి వెళ్తాను, స్టేషన్ నుంచి గ్యాలరీ బస్సు ఉంటుంది. నాలుగు రోజులదైతే ఆదివారం టికెట్టే తీసుకుంటా.

శ్రావణి కొత్త:

ఆ షీట్ లింక్ ఇక్కడ పెడతారా ఫణి గారూ? అదితి వరస నేను నింపుతాను, ఎల్పీజీఏ కాలమ్ ఒక్కటే ఉంటుంది గానీ.